తీగకు రెండు కొనలు



ఇప్పుడు నేను మాటలాడుచున్నాను, మీరు వినుచున్నారు. మీలో ఎవరైనను "ఇది తప్పు" అని యన్నను, అరుగుమీదనుండి గట్టిగా దగ్గినను నాకు వినబడదు. రేడియో స్వభావమే అట్టిది. మాట ఇటునుండి అటు పోవునే కాని, అటునుండి ఇటు రాదు. పోలీసువారు చేతబట్టుకొని తిరుగు వైర్‌లెస్ సెట్టును మీరు చూచియుందురు. దానిలో మాట ఇరువైపులకును పోవును. కాని ఒకే వేళ పోదు. ఒకరు చెప్పవలసినది చెప్పి, "ఓవర్" అని మీట వదలిన పిమ్మటనే రెండవవారు పలుకవలెను. టెలిఫోనులోనో, ఇద్దరును ఒక్కమారే మాటలాడవచ్చును. అక్కచెల్లెండ్రు ఫోనులో మాటలాడుకొనునపుడు ఎవరు చెప్పుచున్నారో, ఎవరు వినుచున్నారో ప్రక్కనున్న మనకు తెలియదు. వారికి మాత్రము అంతయు తెలియుచునే యుండును.

ఈ మూడింటిలో కడపటి రెండింటికిని ఇంజనీర్లు పెట్టిన పేర్లు హాఫ్ డూప్లెక్సు, ఫుల్ డూప్లెక్సు అనునవి. మనము వంతుల మార్గమనియు, జంట మార్గమనియు అనుకొందము. కంప్యూటర్లను కలుపు తీగలకును ఈ రెండు మార్గములు కలవు. ఏ తీగ ఎంత వేగముతో, ఏ మార్గమున నడచుచున్నదో, ఆ తీగలను కనిపెట్టియుండు నిర్వాహకునకు ఏ విధముగ చూపవలెనను సంగతియే నేటి ప్రసంగ విషయము.

ఇది మాకెందుకని మీరనవచ్చును. గ్రామపంచాయతులకు గాజుతీగలు వేయు పథకమునకు కేంద్రప్రభుత్వము 2011 అక్టోబరులో అనుమతి నిచ్చినది. పిమ్మట దానికే భారత్‌నెట్ అని పేరు వచ్చినది. ఇప్పుడు ఊరి కార్యాలయములలో, బ్యాంకులలో, బడులలో, గోడకు తగిలించిన ఒక చిన్న పెట్టెయు, దానిలో మిణుకుమిణుకుమను పచ్చని దీపములును కానవచ్చును. దానినే స్విచ్చి యందురు. మీరు ధ్రువపత్రము కొరకు పోయినపుడు "నెట్టు నెమ్మదిగా ఉంది, రేపు రండి" అని వినుచుందురు గదా! ఆ మాటకు కారణము ఒక్కొక్కప్పుడు ఆ పెట్టెలోనే దాగియుండును. ఇంతే కాదు, మీ మనుమలును, మనుమరాండ్రును పలువురు హైదరాబాదులోను, బెంగుళూరులోను, సముద్రముల కావలను ఈ నిర్వాహకపు పనియే చేయుచున్నారు. పండుగకు వచ్చినపుడు వారు చేయు పని యేమో మీరడిగిన, "అదంతా మీకు తెలీదులే తాతయ్యా" అని యనుచుందురు. ఇందులో తెలియరానిది యేమియు లేదు.

డూప్లెక్సు అను మాట కంప్యూటర్లతో పుట్టినది కాదు. అది తంతి కాలపు మాట. ఒకే తీగపై రెండు తంతి వార్తలను ఒకేమారు ఎదురెదురుగా పంపు ఉపాయమును 1853లో వియన్నా నగరమున గింట్ల్ అనునతడు కనిపెట్టెను. దానిని వాడుకకు లాయకగునట్లు సవరించినవాడు అమెరికా దేశస్థుడైన స్టెర్న్స్, అది 1872. రెండేండ్లకే ఎడిసన్ ఒక్క తీగపై నాలుగు వార్తలను నడిపించెను. మన దేశమున తంతి సేవ 2013 జూలైలో ముగిసినది. తంతి పోయినను ఆ మాట మాత్రము మిగిలినది.

నేడు లోకమంతటను వ్యాపించియున్న కంప్యూటరు తీగల పద్ధతికి ఈథర్నెట్ అని పేరు. అమెరికాలోని కాలిఫోర్నియాలో, జిరాక్స్ సంస్థవారి పరిశోధనాలయమున, 1973లో రాబర్ట్ మెట్కాఫ్ దీనికి అంకురార్పణము చేసెను. డేవిడ్ బాగ్స్ అతనికి తోడు నిలిచెను. ఈథర్ అనగా మన ఆకాశతత్త్వము వంటిది. వెలుతురు దానిగుండ ప్రయాణము చేయునని పూర్వపు శాస్త్రజ్ఞులు తలచిరి. 1887లో మైకెల్సన్, మోర్లీ అను నిరువురు మిక్కిలి నిపుణముగ పరీక్షించియు దాని జాడను కానలేకపోయిరి. లేని వస్తువు పేరు ఉన్న తీగకు నిలిచినది.

మొదటి ఈథర్నెట్‌లో కంప్యూటర్లన్నియు ఒకే లావు తీగకు తగిలింపబడియుండెడివి. అది ఊరి రచ్చబండ వంటిది. రచ్చబండకడ మర్యాద యేమి? ఎవరైన మాటలాడుచున్నంతసేపు తక్కినవారు ఊరకుండవలెను. నిశ్శబ్దమైనపుడు మొదలుపెట్టవలెను. ఇద్దరొక్కమారే మొదలుపెట్టినచో ఇద్దరును ఆగి, కొంచెము తాళి, మరల ప్రయత్నింపవలెను. ఆ యంత్రములును అట్లే చేసినవి. ఎంతసేపు తాళవలెనను సంగతిని పాచిక వేసినట్లు ఎవరికి వారే నిర్ణయించుకొనును. మరల మరల ఢీకొన్నచో తాళవలసిన హద్దు పెరుగుచు పోవును. పదునారు ప్రయత్నములును విఫలమైనచో ఆ వర్తమానమును వదలిపెట్టును. మరియొక నియమము కూడ కలదు. ఇది ముందు మన కక్కరకు వచ్చును. ఢీయనునది వర్తమానపు మొదటి 64 బైట్లు పోవులోపలనే, అనగా పలుకు మొదటనే, జరుగవలెను. సగము మాట ఐన తరువాత ఎవరైన అడ్డుతగిలినచో, ఆ సభలో ఎవరికో మర్యాద తెలియదన్నమాట. దీనికి ఆలస్యపు ఢీ యని పేరు.

అటుపిమ్మట ప్రతి కంప్యూటరునకును వేరొక తీగ వేసి, అన్నిటిని నడుమనొక పెట్టెకు కలుపు పద్ధతి వచ్చినది. ఇట్టి ఈథర్నెట్ స్విచ్చిని 1990లో మొదట అంగడికి తెచ్చిన అమెరికా సంస్థ పేరు, చిత్రముగ, కల్పన. తీగలో పోవుటకొక జత, వచ్చుటకొక జత వేరువేరుగ నున్నవి. తీగకు రెండు కొనలయందు ఇద్దరే యున్నారు. ఇంక రచ్చబండ మర్యాదతో పని యేమి? ఇద్దరును ఒకేమారు మాటలాడవచ్చును, ఒకేమారు వినవచ్చును. రైలుమార్గము ఒంటి పట్టాలనుండి జంట పట్టాలకు మారినట్లైనది. ఒంటి పట్టాలమీద పూర్వము డ్రైవరు చేతికి టోకెను అందినగాని బండి కదలెడిది కాదు. జంట పట్టాలైనచో ఎదురుబండి కొరకు నిలువనక్కరలేదు. 1997లో ఈ జంట మార్గము ఈథర్నెట్ ప్రమాణములలో చేరినది.

వేగములును పెరిగినవి. సెకనునకు 10 మెగాబిట్లు, 1995లో 100, రాగితీగలపై 1999లో 1000. పాతవి పోలేదు, క్రొత్తవి వచ్చినవి. ఒక కొనయందు క్రొత్త యంత్రము, మరియొక కొనయందు పాత యంత్రము. ఏ వేగమున, ఏ మార్గమున నడువవలెనో రెండును ముందుగ ఒప్పుకొనవలెను గదా! అందుకొక సంప్రదింపు ఏర్పడినది. దానిని ఆటో నెగోషియేషన్ అందురు. నిర్వాహకుల నోట అది ఉత్త "ఆటో" యైనది. తీగను తగిలించిన క్షణమున రెండు యంత్రములును చిన్నచిన్న తట్టుల వరుసను సెకనునకు సుమారు 60 మారులు పంపుకొనును. "నాకు 10 వచ్చును, 100 వచ్చును, జంట మార్గము వచ్చును" అని ఒకటి. "నాకును అంతే" యని మరియొకటి. రెండింటికిని వచ్చినవానిలో మేలైనది స్థిరపడును. పెండ్లి మాటలకు పెద్దలు కూర్చున్నట్లే.

ఐతే ఒక పక్షమువారు మాటలకు రానిచో? ఇచ్చటనే చిక్కు పుట్టును. నిర్వాహకుడొక కొనయందు "సంప్రదింపు వలదు, 100, జంట మార్గము" అని ఉత్తరువు వేసి కట్టివేయవచ్చును. అప్పుడా కొన తట్టులు పంపదు. రెండవ కొన ఎదురుచూచి, ఎంతకును మాట రాకున్న, వచ్చుచున్న ధ్వనినిబట్టి వేగము 100 అని పోల్చుకొనును. ధ్వనినిబట్టి వేగము తెలియునే కాని మార్గము తెలియదు. మార్గము తెలియనపుడు వంతుల మార్గమునే గ్రహింపవలెనని నియమము. నియమము తప్పని నేననను. తెలియనిచోట తగ్గియుండుట మంచిదే. కాని ఫలితము చూడుడు. ఒక కొనవాడు టెలిఫోనులో ఉన్నాననుకొనును. మరియొక కొనవాడు రచ్చబండకడ ఉన్నాననుకొనును.

మొదటివాడు తన యిష్టము వచ్చినపుడు మాటలాడును. రెండవవాడు తాను మాటలాడుచుండగా ఎదుటి మాట వినబడినంతనే, ఢీ యైనదని తలచి, సగము మాటలో నోరు మూసికొనును. ఆ సగము మాట మొదటివానికి చేరును. వాడు దానిని సరిచూచి, తప్పుడు వర్తమానమని పారవేయును. వాడు పంపినదియు చెడును. మరల పంపవలెనని వానికి తోచదు, జంట మార్గమున ఢీ యన్నది లేదు గదా! ఇద్దరిలో ఎవ్వరును అబద్ధమాడలేదు. వేగము కుదరనిచో తీగ అసలే నడువదు, దీపము వెలుగదు, లోపము కంటికి కనబడును. మార్గము కుదరనిచో దీపము వెలుగును, తీగ నడచును, మెల్లమెల్లగ నడచును.

ఇది నేను పుస్తకములలో చదివి చెప్పుచున్నది కాదు.

2003వ సంవత్సరమున నేనొక పట్టణమునందలి ఆసుపత్రిలో ఈ తీగలకు నిర్వాహకుడనుగా నుంటిని. క్రింది అంతస్తున ఎక్స్‌రే గది. పై అంతస్తున డాక్టర్ల గది. క్రింద తీసిన బొమ్మ తీగద్వారా పైకి పోవలెను. అట్టి బొమ్మ పైకి పోవుటకు ఒకటి రెండు సెకనులు చాలును. ఎక్స్‌రే గదిలోని పాత కంప్యూటరును తీసి క్రొత్తది పెట్టిన నాటినుండి అయిదారు నిమిషములు పట్టజొచ్చెను. ఒక్కొక్కప్పుడు బొమ్మ సగమువరకు వచ్చి ఆగిపోవును. ఎముక విరిగినవారు బల్లమీద మూలుగుచుండగా, డాక్టర్లు మెట్లు దిగి ఎక్స్‌రే గదికి పరుగెత్తి చూచి, మరల పైకెక్కుచుండిరి. రాత్రివేళ రోడ్డు ప్రమాదములు వచ్చినపుడు వారు నన్ను తిట్టుచుండిరనిన ఆశ్చర్యము లేదు.

నేను పరీక్ష చేసితిని. పింగ్ అను చిన్న పలకరింపులు పంపి చూచితిని. అన్నియు మరలి వచ్చినవి. రావా మరి! ఒక్కొక్కటిగ పోవు చిన్న మాటలు ఢీకొనుట అరుదు. బరువైన రాకపోకలు ఉన్నపుడే రోగము బయటపడును. ఈ సంగతి నాకప్పుడు తట్టలేదు. స్విచ్చి తెర చూచితిని: "100, ఫుల్" అని యున్నది. దాని క్రిందనే సరిచూపులో తప్పిన వర్తమానములు వేలకొలది కానవచ్చెను. తీగ చెడినను ఇదే గుర్తు కనబడును. తీగ చెడినదని నిశ్చయించితిని.

ఆ తీగను వేసినవాడు కేబులు పనిచేసి బ్రతుకు ఒక సామాన్యుడు. గోడలకు రంధ్రములు పొడిచి, నిచ్చెనలెక్కి, మనిషికి మనిషిని కూర్చుకొని పని చేయువాడు. ఆ గదికి క్రొత్త తీగ వేసి రెండు నెలలైనను కాలేదు. "కేబులు పని నాసిగా నున్నది" అని నేను వ్రాసి సంతకము చేసితిని. నా సంతకము చూచి లెక్కల విభాగమువారు అతని బిల్లు ఆపివేసిరి. అతడు వచ్చి, నాతో వాదింపక, తన బావమరదిని తోడుచేసికొని ఒక రాత్రి యంతయు మేలుకొని, తన సొంత ఖర్చుతో రెండవ తీగ వేసెను. బొమ్మ అట్లే నత్తనడక నడచెను. కొనలయందలి ప్లగ్గులు చెడినవంటిని. అవియు మార్చెను. ఫలము లేదు. మూడవ వారమున మెట్లకడ నా కొరకు కాచియుండి ఇట్లనెను: "సారూ, నా పనిలో తప్పుంటే చెప్పండి, మళ్ళీ చేస్తాను. తప్పు లేకపోతే ఆ సంగతి కూడా చెప్పండి."

ఆ సాయంకాలము నేను ఎక్స్‌రే గదిలోని కంప్యూటరు ముందు కూర్చుంటిని. దాని తెరమీద తీగ బొమ్మయు, పచ్చని గుర్తును, "100" అను అంకెయు ఉన్నవి; మార్గము మాట లేదు. లోపలి పుటలు తెరచిచూడ, "వేగము, మార్గము: ఆటో" అని మాత్రము కనబడినది. ఆటో యన్నచో సరిగానే యున్నదని అంతకుముందు నేనును తృప్తిపడితిని. ఆటో యనునది ప్రశ్నయే కాని జవాబు కాదు. సంప్రదించుకొమ్మని చెప్పుటయే కాని, సంప్రదింపులో ఏమి తేలినదో చెప్పుట కాదు. కడకు ఆ యంత్రపు కార్డును సూటిగ చదువు ఒక చిన్న ప్రోగ్రామును నడిపితిని. "హాఫ్" అని వచ్చినది. దాని క్రింద ఆలస్యపు ఢీల లెక్క.

సంగతి ఇది. నాకు ముందున్న నిర్వాహకుడు పాత కంప్యూటరునకు, స్విచ్చికిని రెండు కొనలయందును 100, ఫుల్ అని ఉత్తరువు వేసి కట్టియుండెను. ఆటో క్రొత్తగ వచ్చిన దినములలో యంత్రములు ఒకదాని మాట ఒకటి సరిగ తెలిసికొనలేక తడబడెడివి గనుక, అట్లు కట్టుట ఆనాటి ఆచారము. పాత కంప్యూటరు పోయినది. స్విచ్చిమీది ఉత్తరువు నిలిచియున్నది. క్రొత్తది ఆటోలో వచ్చి, బదులు రాక, వంతుల మార్గమును గ్రహించినది. నేను స్విచ్చిమీది కట్టును విప్పి ఆటో చేసితిని. బొమ్మ పంపమంటిని. పైనుండి "వచ్చింది" అని కేక వినబడునప్పటికి నేను కుర్చీలోనుండి లేవనైనను లేదు.

మరునాడు నా తప్పు నేనే వ్రాసి యిచ్చితిని. బిల్లు చెల్లింపబడెను, రెండవ తీగ ఖర్చు కూడ ఇప్పించితిని. అతడు కోపపడలేదు. అంతయు విని ఒక్కమాట అడిగెను: "ఆ పెట్టెకు ఈ సంగతి ముందే తెలుసునా సారూ?" తెలియునంటిని. "మరి చెప్పలేదేం?"

ఇరువదేండ్లు దాటినను ఈ ప్రశ్న నన్ను వదలలేదు. అటుపిమ్మట నిర్వాహకుల కొరకు తెరలు తయారుచేయు వారితో కూడ నేను కొంతకాలము పనిచేసితిని. వారికి నేను చెప్పుచు వచ్చినదానిని మన గ్రామలెక్కల పోలికతో చెప్పెదను.

చెరువు క్రింద ఆయకట్టు లెక్క యున్నది. రిజిస్టరులో రెండువందల యెకరములని యుండును. ఈ యేడు నీరు పారినది నూట యిరువది యెకరములే యనుకొందము. రిజిస్టరు అంకె నొక్కదానినే చూపినవాడు అబద్ధమాడలేదు, కాని ఆ యెనుబది యెకరముల రైతులు చెడిరి. పారినదానిని మాత్రమే చూపినచో, చెరువునకు పూడిక తీయవలెనని ఎవరికిని తోచదు. రెండు అంకెలును ప్రక్కప్రక్కన ఉండవలెను. తీగ విషయమునను అంతే. నిర్వాహకుడు వేసిన ఉత్తరువు ఒక గడిలో. తీగపై ప్రస్తుతము జరుగుచున్నది దాని ప్రక్క గడిలో. "ఆటో" అని ఒక గడిలో వ్రాసి, ప్రక్కన "100, హాఫ్" అని వ్రాసియుండినచో ఆ పనివాని నిద్ర చెడెడిది కాదు.

ఐనను రెండు గడులు చాలవు. అడంగలు వ్రాయుట మీకు తెలియును. తెలంగాణములో పహాణీ యందురు. పొలమునకు పోయి గట్టున నిలిచి చూచి వ్రాసిన పంటయు, ఇంట కూర్చుండి నిరుటి పుస్తకము చూచి వ్రాసిన పంటయు కాగితము మీద ఒక్కతీరుగనే యుండును. చదువువానికి భేదము తెలియదు. యంత్రము ఎదుటివానితో మాటలాడి తేల్చుకొన్న "100" వేరు. ఎదుటివాడు పలుకక పోగా ఊహించుకొన్న "100" వేరు. ఈ భేదమును తెర చెప్పవలెను. సిస్కోవారి స్విచ్చులలో, ఆటోద్వారా వచ్చిన ఫలితమునకు ముందు ‘ఎ’ అను అక్షరము తగిలింతురు: ‘ఎ-ఫుల్’, ‘ఎ-100’ అని. మంచి ఆచారము. కాని ఊహించినదానికిని ఆ ‘ఎ’ యే తగులును. ‘ఎ-హాఫ్’ అని కనబడినపుడు అనుభవముగల నిర్వాహకుడు ఉలికిపడునే కాని, క్రొత్తవాడు దాటిపోవును. లినక్సు అను వ్యవస్థలో ఈథ్‌టూల్ అనునొక పనిముట్టు కలదు. అది తనకు వచ్చినవేవో, తాను ఎదుటివానికి చెప్పినవేవో, ఎదుటివాడు తనకు చెప్పినవేవో వేరువేరు వరుసలలో చూపగలదు. ఎదుటివాని వరుస ఖాళీగ నున్నచో వాడు మాటలకు రాలేదని అర్థము. నాకు దానిపై గౌరవము. కాని అంతటి సమాచారమును నడిరాత్రి నిద్రకన్నులతో చదువువానికి, మూడు వరుసలను పోల్చి అర్థము తీయు భారము పెట్టరాదు. "ఎదుటి కొన పలుకలేదు, మార్గము ఊహింపబడినది" అను ఒక్క వాక్యమును తెరయే వ్రాయవచ్చును గదా!

తెలియనిది తెలియదని వ్రాయుట కూడ ఒక విద్యయే. తీగ ఊడియున్నపుడు వేగమెంత? ఏమియు లేదు, లెక్కకు అందని సంగతి. యంత్రము లోపల దానికి గుర్తుగ ఒక ప్రత్యేకపు అంకె పెట్టుకొనును. కొన్ని పాత ప్రోగ్రాములు ఆ గుర్తును అంకెయే యనుకొని 65535 మెగాబిట్లని అచ్చువేసినవి. తీగ చేతిలో వ్రేలాడుచున్నది. తెరమీద మాత్రము మహావేగము! ఇది నవ్వుకొని విడువవచ్చును. తెలియనపుడు 10, హాఫ్ అని నింపివేయు తెరలు అంతకన్న అపాయకరములు. చూచువానికి అది నమ్మదగిన మాటవలె కనబడును.

కొలతల సంగతి ఒక్కమాటలో చెప్పి విడిచెదను. తీగ వేగము బిట్లలో చెప్పుదురు, దస్తావేజుల పరిమాణము బైట్లలో చెప్పుదురు. ఒక బైటునకు ఎనిమిది బిట్లు. 100 మెగాబిట్ల తీగపై సెకనునకు 12.5 మెగాబైట్లకన్న ఎక్కువ పోవు. మణుగులకును వీసెలకును భేదము వ్రాయక అంకె మాత్రము వ్రాసినట్లు, కొలతపేరు లేని అంకెను తెరపై పెట్టుట తగదు. ఎనిమిది వీసెలో, ఎనిమిది మణుగులో చదువువాడే ఊహించుకొనవలెననుట న్యాయమా?

చూచుటయే కాక, మార్చుట కూడ ఆ తెరమీదనే జరుగును. దూరపు ఊరిలోని స్విచ్చిని మార్చు నిర్వాహకుడు ఏ తీగద్వారా దానిని చేరెనో, ఆ తీగనే మార్చుచుండవచ్చును. కూర్చున్న కొమ్మను నరుకుకొనుటయే. మార్పు కుదరనిచో తీగ తెగును. మరల సరిచేయుటకు బస్సెక్కి పోవలెను. "మీరు ఈ తీగమీదనే ఉన్నారు, అయిదు నిమిషములలో మీ నుండి మాట రానిచో పాత ఉత్తరువునే మరల అమలుచేసెదను" అని చెప్పగల తెర ఉత్తమమైనది. నేను ఒకమారు ఇట్లే తెంపుకొని, నలుబది మైళ్లు పోయి వచ్చితిని.

నేడు ఈ చిక్కు చాలవరకు తగ్గినది. రాగితీగపై 1000 మెగాబిట్లకు ఆటో తప్పనిసరి. 10000 మెగాబిట్ల ఈథర్నెట్‌లో వంతుల మార్గమే లేదు. ఐనను పాత ప్రింటర్లు, పాత కెమెరాలు, కర్మాగారములందలి యంత్రములు ఇంకను వంతుల మార్గమున నడచుచునే యున్నవి. వానికి సరసన క్రొత్త జబ్బొకటి వచ్చినది. తీగలో నాలుగు జతలు కలవు. 1000 నడచుటకు నాలుగును వలెను. 100 నడచుటకు రెండు చాలును. ఎలుక ఒక జతను కొరికినదనుకొనుడు. కొన్ని యంత్రములు 1000కి ప్రయత్నించి, కుదరక, ఎవరికిని చెప్పకయే 100కు దిగిపోవును. దీపము వెలుగుచునే యుండును. కొన్ని పెట్టెలమీద దీపపు రంగు మారును. కాని ఏ రంగునకు ఏ అర్థమో ఒక్కొక్క తయారీదారునకు ఒక్కొక్క తీరు. "రెండు కొనలకును 1000 వచ్చును, నడచుచున్నది 100" అని తెరమీద ఒక్క వరుస యున్నచో, చూచిన వెంటనే తీగను తడవి చూతురు.

కావున మీ కార్యాలయమున నెట్టు నెమ్మదిగా నున్నదని ఎవరైన అన్నపుడు, గద్దింపక, ఆ అబ్బాయిని దగ్గరకు పిలిచి, "నాయనా, ఈ తీగ రెండవ కొన ఎక్కడుంది? అక్కడ ఏమని చూపిస్తోంది?" అని అడుగుడు. మొదట అతడు మీవంక వింతగ చూచును. పిమ్మట పోయి చూచి వచ్చును.

ఆ రెండవ తీగ మాట చెప్పుట మరచితిని. ఆసుపత్రి పని మానిన చాలకాలమునకు, బంధువొకరిని చూచుటకై నేను అచ్చటికి పోయితిని. ఎక్స్‌రే గది వెలుపలి గోడమీద రెండు తీగలును ప్రక్కప్రక్కన ఉన్నవి. మొదటిదే పనిచేయుచున్నది. రెండవది, రాత్రి యంతయు మేలుకొని వేసినది, దేనికిని తగిలింపబడకయే మేకులతో సహా చక్కగ నిటారుగ నిలిచియున్నది.